వద్దన్నవాళ్లే కాపలాదారులు

*గడ్డి నేలను బతికించాలంటే ముందుగా ఎవరితో మాట్లాడాలి? కాన్సస్ గుట్టల్లో, షికాగో శివార్లలో, నంద్యాల బీళ్లలో ఎదురైంది ఈ ఒక్క ప్రశ్నే*

1961 డిసెంబరు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం. చలికాలపు ఎండకు రాగిరంగు తిరిగిన గడ్డి గుట్టల మీద ఓ హెలికాప్టర్ వాలింది. దిగినవాళ్లు సామాన్యులు కారు. ఒకరు ఆ దేశపు ఇంటీరియర్ శాఖ మంత్రి స్టూవర్ట్ యుడాల్, ఇంకొకరు నేషనల్ పార్క్ సర్వీస్ అధిపతి కాన్రాడ్ వర్త్. ఆ గుట్టల్లో ప్రెయిరీ నేషనల్ పార్క్ పెట్టాలన్న ఆలోచనతో, నేలను కళ్లారా చూద్దామని వచ్చారు. ఇంతలో ఆ నేలను కౌలుకు తీసుకుని పశువులు మేపుకుంటున్న ఆసామి వచ్చాడు. వచ్చింది కేంద్ర మంత్రి అని తెలిసినా తగ్గలేదు. తన నేల మీద నుంచి వెళ్లిపొమ్మన్నాడు. ఢిల్లీ నుంచి మంత్రి వస్తే కలెక్టరు మొదలు వీఆర్వో దాకా వరసలో నిలబడే మన దేశంలో ఊహించడానికే కష్టమైన సన్నివేశం. మంత్రిగారి బృందం మారుమాట లేకుండా మళ్లీ హెలికాప్టర్ ఎక్కింది. ఆ చోట పార్కు ఆ తర్వాత కూడా రాలేదు.

ఈ ఉదంతాన్ని పర్యావరణవేత్తలు చెప్పే తీరు ఒకటుంది. ముందుచూపున్న మంత్రి ఒకవైపు, మొండి ఆసామి మరోవైపు. ప్రకృతి ఓడింది, స్వార్థం గెలిచింది. వినడానికి బాగానే ఉంటుంది. అయితే మంత్రి హెలికాప్టర్ వేసుకుని చూడటానికి వచ్చిన గడ్డి అక్కడ అప్పటికింకా మిగిలి ఉందంటే, ఆ ఆసామిలాంటి వాళ్లు నూరేళ్లుగా దాన్ని దున్నకుండా మేపుకుంటూ వచ్చారు కాబట్టే. వద్దన్నవాడే కాపలాదారు కూడా. ఈ ముక్క అర్థం కావడానికి అమెరికా ప్రభుత్వానికి 35 ఏళ్లు పట్టింది. మేత నేలలకూ, పశువుల కాపర్లకూ అంకితంగా ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ఆ పేరుతో సభలూ సదస్సులూ జరుగుతున్న వేళ కాన్సస్ కథను మరోసారి తిరగేయడం మనకూ అవసరమే.

నాగలికి లొంగనిదే మిగిలింది

కెనడా నుంచి టెక్సాస్ దాకా అమెరికా ఖండం నడిమధ్యన ఒకప్పుడు పరుచుకున్న గడ్డి సముద్రమే ప్రెయిరీ. అందులో తూర్పు పట్టీలో మనిషి ఎత్తును మించి పెరిగే పొడుగు గడ్డి ఉండేది. దాని విస్తీర్ణం దాదాపు 17 కోట్ల ఎకరాలు. ఇవాళ మిగిలింది నూటికి నాలుగు ఎకరాల లోపే. పోత ఇనుముతో చేసిన పాత నాగళ్లకు అక్కడి జిగట నల్లమట్టి అంటుకుపోయేది. నాలుగు అడుగులు వేయగానే ఆపి గీకాల్సి వచ్చేది. 1837లో ఇల్లినాయ్‌లో జాన్ డీర్ అనే కమ్మరి నున్నటి ఉక్కు నాగలి చేశాడు. మట్టి అంటుకోకుండా జారిపోయే ఆ నాగలితో రెండు మూడు తరాల్లోనే ప్రెయిరీ మొక్కజొన్న చేలుగా మారిపోయింది. ప్రెయిరీ రాష్ట్రమని ముద్దుపేరున్న ఇల్లినాయ్‌లో ఇవాళ అసలు ప్రెయిరీని వెతకాలంటే పాత శ్మశానాలకూ, రైలు పట్టాల పక్కకూ వెళ్లాలి. నాగలి దిగనిది అక్కడే. పక్కనున్న అయోవాలో వెయ్యి ఎకరాలకు ఒక్క ఎకరా కూడా మిగల్లేదు.

కాన్సస్ తూర్పున ఉన్న ఫ్లింట్ హిల్స్ మాత్రం బతికిపోయాయి. అక్కడ పైమట్టి పలచన. కింద సున్నపురాయి, దాని నిండా చెకుముకి రాళ్లు. నాగలి దిగదు. అందుకని అక్కడికి వచ్చిన వలస రైతులు సేద్యం వదిలేసి పశువుల మీద పడ్డారు. ఉన్న పొడుగు గడ్డి ప్రెయిరీలో ఎక్కువ భాగం ఇప్పుడు ఆ గుట్టల్లోనే ఉంది. అంటే దాన్ని కాపాడింది మొదట రాయి, ఆ తర్వాత పశువుల వ్యాపారం. ప్రకృతి ప్రేమ ఆ లెక్కలోకి చాలా ఆలస్యంగా వచ్చింది.

నిప్పు పెట్టకపోతే గడ్డి చచ్చిపోతుంది

అడవిని కాపాడటమంటే మనుషులను బయటికి పంపి తలుపు వేయడమేనని చాలామంది అనుకుంటారు. అడవుల విషయంలో ఆ ఆలోచన కొంతవరకైనా పనిచేస్తుందేమో గానీ గడ్డి నేల దగ్గర బొత్తిగా చెల్లదు. మనిషి చేయి పడకపోతే ప్రెయిరీ నిలవదు. ఫ్లింట్ హిల్స్‌లో ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో పశువుల ఆసాములు గడ్డికి నిప్పు పెడతారు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ముందు చుట్టూ సన్నగా కాల్చి హద్దు గీసుకుని, డీజిల్, పెట్రోలు కలిపిన కాగడాలతో మంటను గీతలా లాక్కుంటూ పోతారు. నీళ్ల ట్యాంకులు ఎక్కించిన పికప్ బండ్లతో ఇరుగుపొరుగు వచ్చి మంట పక్కకు పోకుండా చూస్తారు. రేపు వాళ్ల గుట్ట కాల్చేటప్పుడు వీళ్లు వెళ్తారు. నల్లబడిన నేల మీద వారం పది రోజుల్లో లేత పచ్చిక లేస్తుంది. పశువులు దాని మీదే పడతాయి.

ఆ నిప్పు ఆగిపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే కోన్జా ప్రెయిరీని చూడాలి. మాన్‌హటన్ అనే కాన్సస్ పట్టణం దగ్గర 1971లో మొదలైన పరిశోధన క్షేత్రమది. దాదాపు 3,500 హెక్టార్లను కమతాలుగా విడదీసి, ఒకదాన్ని ఏటా, ఇంకొకదాన్ని రెండేళ్లకు, నాలుగేళ్లకు, మరొకదాన్ని ఇరవై ఏళ్లకోసారి కాలుస్తూ దశాబ్దాలుగా లెక్క కడుతున్నారు. నిప్పు తగలని కమతాల్లోకి పొదలూ, జూనిపర్ జాతి చెట్లూ చొరబడ్డాయి. కొన్ని చోట్ల గడ్డి పూర్తిగా కనుమరుగైంది. ఏడాది పొడవునా అడవి దున్నలు, అంటే బైసన్లు, తిరిగే కమతాల్లో మొక్క జాతుల సంఖ్య దాదాపు రెట్టింపైంది. పొడుగు గడ్డిని అవి మేసేయడంతో కింద అణగిపోయిన పూలమొక్కలకు ఎండ తగిలింది. నిప్పూ, మేతా రెండూ కలిస్తేనే ప్రెయిరీ.

ఈ విద్యను ఆసాములు కొత్తగా కనిపెట్టలేదు. వాళ్లకంటే ముందు అక్కడ బతికిన కా, ఓసేజ్ వంటి ఆదివాసీ తెగలు దున్నలను రప్పించడానికి గడ్డి కాల్చేవాళ్లు. కా ప్రజలను 1873లో ప్రభుత్వమే అక్కణ్నుంచి ఓక్లహోమా వైపు పంపించేసింది. వాళ్ల పేరు మీదే రాష్ట్రానికి కాన్సస్ అని పేరు. మంత్రిని వెళ్లిపొమ్మన్న ఆసామి ధీమా వెనక ఈ పాత ఖాళీ చేయింపు కూడా ఉందని మరిచిపోకూడదు. స్థానికులు అనగానే ఎవరెవరు ఆ మాటలోకి వస్తారన్నది ఏ నేల దగ్గరైనా పీటముడే.

> గడ్డి కింది లోకం
>
> • ప్రెయిరీ గడ్డిలో పైకి కనిపించేది తక్కువ, నేల కిందుండేది ఎక్కువ. బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి వేళ్లు రెండు మీటర్లకు మించి లోతుకు దిగుతాయి.
>
> • కంపాస్ మొక్క ఆకులు అంచులు ఉత్తర దక్షిణాలకు తిరిగేలా నిలబడతాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ ఆకు మీద నేరుగా పడకుండా ఇదో ఉపాయం.
>
> • చెట్టు తన కార్బన్‌లో చాలా భాగాన్ని మొద్దులో, కొమ్మల్లో దాస్తుంది. గడ్డి నేల ఎక్కువగా మట్టిలో దాస్తుంది. కార్చిచ్చు వస్తే చెట్టు దాచింది గాలిలో కలుస్తుంది. మట్టిలో దాగినది చాలావరకు అలాగే ఉంటుంది.
>
> • మూడు కోట్లకు పైగా ఉండేవని అంచనా వేసే బైసన్లు 1880ల చివరికి వెయ్యి లోపుకు పడిపోయాయి.

180 ఎకరాల రాజీ

1961 తర్వాత పార్కు బిల్లులు అమెరికా కాంగ్రెస్ ముందుకు పదేపదే వచ్చాయి, పదేపదే వీగిపోయాయి. ఆసాముల భయాలు ఊహలేమీ కావు. పార్కు వస్తే భూమి పోతుంది. మేత ఆగితే పశువులు పోతాయి. ప్రభుత్వ భూమి మీద పన్ను రాకపోతే ఊరి బడికి డబ్బులుండవు. అన్నిటికంటే పెద్ద మాట ఇంకొకటి: నిప్పంటే ఏమిటో తెలియని అధికారులు వచ్చి గడ్డిని పాడుచేస్తారని. కోన్జా లెక్కలు చూశాక ఈ ఆఖరి అనుమానాన్ని తీసిపారేయలేం.

చివరకు ముడి విప్పింది కాన్సస్ సెనేటర్ నాన్సీ కాసెబామ్. 1994లో ఒక స్వచ్ఛంద సంస్థ చేజ్ కౌంటీలోని పాత పశువుల కొట్టాన్నీ, దాని చుట్టూ ఉన్న దాదాపు 10,900 ఎకరాలనూ కొనుగోలు చేసింది. 1996 నవంబరు 12న అది టాల్‌గ్రాస్ ప్రెయిరీ నేషనల్ ప్రిజర్వ్ అయింది. చట్టంలో ఒక విచిత్రమైన షరతు పెట్టారు: ఆ మొత్తంలో కేంద్ర ప్రభుత్వం 180 ఎకరాలకు మించి సొంతం చేసుకోకూడదు. నిర్వహణ పార్క్ సర్వీస్‌ది, నేల ప్రైవేటు సంస్థది. 2005 నుంచి ఆ నేల నేచర్ కన్జర్వెన్సీ చేతిలో ఉంది. పశువుల మేత ఆగలేదు, కాల్చడం ఆగలేదు. 2009లో బైసన్లు కూడా తిరిగొచ్చాయి.

ఉద్యమకారుల్లో కొందరికి ఇది ఓటమిలా అనిపించి ఉండొచ్చు. అడిగింది ఎన్నో రెట్లు పెద్ద పార్కు మరి. కానీ చట్టం కాపాడుతున్న ఆ 10,900 ఎకరాల చుట్టూ లక్షల ఎకరాల గడ్డి ఇప్పటికీ దున్నకుండా నిలిచి ఉంది. దాన్ని నిలబెట్టేది పార్కు గార్డులు కాదు, పక్క పొలాల ఆసాములు. వాళ్లతో జగడం పెట్టుకుని గీసిన పెద్ద సరిహద్దు కంటే, వాళ్లు ఒప్పుకున్న చిన్న సరిహద్దే ఆ గడ్డికి ఎక్కువ మేలు చేసింది.

షికాగోలో చెట్టు కొట్టినందుకు

మరి ఆసాములే లేని చోట? నగరం పక్కన? అక్కడ ప్రజలను కలుపుకోవడం తేలికని అనుకుంటాం. షికాగో నేర్పింది వేరు. 1977లో స్టీవ్ ప్యాకర్డ్ కొందరు స్వచ్ఛంద కార్యకర్తలను కూడగట్టుకుని షికాగో నది ఉత్తర పాయ పొడవునా పొదల్లో కలిసిపోయిన పాత ప్రెయిరీ ముక్కలను బాగుచేయడం మొదలుపెట్టాడు. ఆదివారాలు వచ్చి పొదలు నరికేవాళ్లు, విత్తనాలు ఏరేవాళ్లు. ప్రెయిరీ విత్తనం ఒక్కసారిగా పండదు. వేసవి మొదలు నుంచి మంచు పడేదాకా ఒక్కో జాతి ఒక్కో వారంలో గింజ కడుతుంది. ఒంటి చేత్తో కంకి దూసి నడుముకు కట్టిన సంచిలో వేసుకోవాలి, ఆరబెట్టాలి, పొట్టు దులపాలి, ఏ గింజను దేనితో కలిపి ఏ తడి నేలలో చల్లాలో తెలియాలి. చాలా జాతుల గింజలకు చలికాలమంతా తడిలో పడి ఉంటే తప్ప మొలక రాదు. ఈ పనిలో చేయి తిరిగిన టీచర్లూ, గుమాస్తాలూ, గృహిణులూ వందల మంది తయారయ్యారు. ప్రజల భాగస్వామ్యానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుందని దేశమంతా మెచ్చుకుంది.

1996లో అది బెడిసికొట్టింది. ఇంటి వెనక అడవిలో ఎవరో చెట్లు నరుకుతున్నారు, మందు కొడుతున్నారు, నిప్పు పెడుతున్నారు, అసలు వీళ్లనెవరు అడిగారంటూ ఇరుగుపొరుగు రోడ్డెక్కారు. పత్రికలు అందుకున్నాయి. ఆ సెప్టెంబరులో షికాగో ఉన్న కుక్ కౌంటీ ఈ పనులన్నీ ఆపేయమంది. పక్కనున్న డుపేజ్ కౌంటీలోనూ పనులు నిలిచాయి. నిషేధం పూర్తిగా తొలగడానికి ఏళ్లు పట్టింది.

కార్యకర్తల మనసులో ఉన్నది నూటయాభై ఏళ్ల కిందటి ప్రెయిరీ. ఆ ఇళ్లవాళ్ల మనసులో ఉన్నది తమ పిల్లలు ఎక్కి ఆడుకున్న చెట్టు. రెండూ నిజమే. అయితే కార్యకర్తలు తమతో ఏకీభవించిన వాళ్లనే ప్రజలనుకున్నారు. వాళ్ల దగ్గర వందల మంది ఉన్నా, చెట్టు పక్కింటాయన వాళ్లలో లేడు. ఇలాంటి పనులకు మెచ్చేవాళ్ల సంతకాలు తేలిగ్గా దొరుకుతాయి. అడ్డుపడేవాడి సంతకం కోసం వాడి గుమ్మం ఎక్కాలి, తిట్లు తినాలి, పథకం కొంత మార్చుకోవాలి. ఆ మార్చుకోవడమే అసలు భాగస్వామ్యం. నిషేధం తర్వాత షికాగోలో మొదలైన ముందస్తు నోటీసులు, బహిరంగ సమావేశాలు చాలా విసుగు పని. ఆ విసుగును తప్పించుకోబోయినందుకే పని ఏళ్ల తరబడి ఆగింది.

అదే డుపేజ్ కౌంటీలోని నేపర్‌విల్ ఇప్పుడు తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్న ఊరు. ఊళ్లోనే 1,800 ఎకరాలకు పైగా ఉన్న స్ప్రింగ్‌బ్రూక్ ప్రెయిరీ ఉంది. శనివారాలు అక్కడ వాకింగ్ చేసే మనవాళ్లు ఒక్క పూట విత్తనాలు ఏరడానికి పేరిస్తే ఆ ఊరితో బంధం ఇంకాస్త గట్టిపడుతుంది.

రాజీపడితే నేల నష్టపోదా?

బలమైన అభ్యంతరం ఇది. ఆసాములకు కావలసింది పశువు బరువు, పూలమొక్క కాదు. నిజంగానే ఫ్లింట్ హిల్స్‌లో ఏటా అంతా కాల్చి, వెంటనే కిక్కిరిసేలా పశువులను తోలే పద్ధతి ప్రబలాక ప్రెయిరీ కోడి అనే పక్షి తగ్గిపోయింది. గుడ్లు పెట్టడానికి దానికి నిరుటి పాత గడ్డి కావాలి. ఏటా కాల్చేస్తే అది మిగలదు. పొగ కూడా పెద్ద సమస్యే. కాన్సస్ సిటీ దాకా గాలి పాడవుతుంటే రాష్ట్రం 2010లో పొగ నియంత్రణ ప్రణాళిక తేవాల్సి వచ్చింది. కాబట్టి స్థానికులు చేసేదంతా ఒప్పే అనడం అమాయకత్వం. వాళ్ల వాడుకకు పుణ్యం అంటగట్టనక్కర్లేదు.

దీనికి జవాబు కూడా ఆ గడ్డిలోనే దొరికింది. ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు మేత నేలను ముక్కలుగా అనుకుని, ఏటా ఒక ముక్కనే కాల్చే పద్ధతిని పరీక్షించారు. కంచెలు అక్కర్లేదు. పశువులు తమంతట తామే కాలిన చోట లేచిన లేత గడ్డి మీదికి పోతాయి. మిగతా ముక్కల్లో పాత గడ్డి కోడికి మిగులుతుంది. పశువుల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని తేలింది. ఆసామి జేబుకు చిల్లు పడకుండా పిట్టకు చోటు దొరికింది. ఇది అందరూ పాటిస్తున్నారా అంటే లేదు, అలవాటు పోవడం కష్టం. కానీ ఆసామిని శత్రువుగా చూసినవాడికి ఈ ఆలోచనే రాదు. అతని లెక్కల పుస్తకం కూడా తెరిచి చూసినవాడికే వచ్చింది.

మన దగ్గర: రోళ్లపాడు కంచెలు

ఈ కథంతా దూరపు కొండల నునుపు అనుకునేవాళ్లు నంద్యాల జిల్లా మిడుతూరు మండలం దాకా వెళ్తే చాలు. బట్టమేక పిట్ట కోసం 1988లో 614 హెక్టార్లలో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది అక్కడే. గడ్డి నేలలో కొంత భాగానికి కంచె వేసి మేత ఆపారు. మొదట్లో ఫలితం బ్రహ్మాండంగా కనిపించింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడే మకాం వేసి పిట్టలను లెక్కించేవారు. ఆ తర్వాత కృష్ణజింకలు విపరీతంగా పెరిగి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. పంట పోయినవాడికి అభయారణ్యం పగ అయింది. సాగునీరు రావడంతో జొన్న, కొర్ర వంటి మెట్ట పంటల తీరు మారింది. ఆ మెట్ట చేలలోనే పిట్ట పురుగులు ఏరుకు తినేది. కంచె లోపలి గడ్డిని కాపాడారు, కంచె బయటి ఊరిని మరిచారు. పిట్టకు రెండూ కావాలి. ఇవాళ రోళ్లపాడులో అది కనిపించడమే గగనం.

> బట్టమేక పిట్ట
>
> మగపిట్ట బరువు 15 కిలోల దాకా. ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు, అదీ నేల మీద. దీన్ని జాతీయ పక్షి చేయాలని సలీం అలీ వాదించారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. దేశంలో ఇప్పుడు మిగిలినవి నూటయాభైకి అటూఇటూ అని అంచనా, ఎక్కువ భాగం రాజస్థాన్ జైసల్మేర్ ప్రాంతంలోనే.

మన లెక్కల్లోనే లోపముంది. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాల ఆధారంగా తయారుచేసే బంజరు భూముల అట్లాస్ 2019 సంచికలో దేశంలో 5.57 కోట్ల హెక్టార్లు, అంటే దాదాపు 17 శాతం నేల, బంజరు కింద ఉంది. మేత నేలలు చాలావరకు ఆ జాబితాలోనే పడిపోతాయి. 2005 నుంచి 2015 లోపు దేశంలో గడ్డి నేలలు 1.8 కోట్ల హెక్టార్ల నుంచి 1.23 కోట్లకు తగ్గాయని ఐక్యరాజ్యసమితి ఎడారీకరణ వేదికకు మన ప్రభుత్వమే చెప్పింది. కాగితం మీద బంజరైన నేల మీద సోలార్ పార్కు పెడితే, పరిశ్రమకిస్తే, వరసగా మొక్కలు నాటితే అడిగేవాడుండడు. ఆ బీటిలో గొర్రెలు మేపుకునే గొల్ల, కురుమ కాపరి పేరు ఏ అడంగల్‌లోనూ ఉండదు. పంట కోశాక రైతు చేలో మంద కట్టించుకుని ఎరువు తీసుకుంటాడు, దానికి కాపరికి కూలో గింజలో ఇస్తాడు. దక్కనీ గొర్రె ఉన్నిలోంచి గొంగడి పుడుతుంది. ఇంత లావాదేవీ నడుస్తున్న నేలను పనికిరానిదని రాసేస్తాం.

చెట్లు నాటితే తప్పేముందన్న ప్రశ్నకు గుజరాత్ కచ్‌లోని బన్నీ సమాధానం. ఉప్పు ఎడారి ముందుకు రాకుండా అటవీ శాఖ 1961లో అక్కడ 31,550 హెక్టార్లలో సర్కారు తుమ్మ నాటింది. మేలు చేద్దామనే చేసింది. తుమ్మ గడ్డిని మింగేసింది. బన్నీ గేదెలు మేపుకునే మాల్ధారీలు దశాబ్దాలు పోరాడితే, 2021లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆక్రమణలు తొలగించమంది, ఆ నేల నిర్వహణలో మాల్ధారీల హక్కును గుర్తించింది. చట్టం మన దగ్గరా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును, సంచార కాపరుల రుతువారీ రాకపోకల హక్కును పేర్కొంటోంది. ఊరుమ్మడి నేలలను తిరిగి పంచాయతీలకు అప్పగించాలని 2011లో సుప్రీంకోర్టు జగ్పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. లోపం చట్టంలో లేదు, అడగాల్సిన మనిషిని అడగకపోవడంలో ఉంది.

కాపరి అడిగేది పెద్దదేం కాదు. మేతకు దారి, మంద తాగడానికి కుంట, ఏ నెలలో ఏ బీడు వదిలేయాలో కూర్చోబెట్టి తేల్చుకునే మాట. అతన్ని కూర్చోబెడితే రేపు రోళ్లపాడులో ఏ గడ్డిని ఎంత ఎత్తున ఉంచాలో చెప్పడానికి శాస్త్రవేత్తకూ ఒక తోడు దొరుకుతుంది. జింకల వల్ల పంట పోయిన రైతుకు పరిహారం సకాలంలో అందితే అతనూ పిట్టకు కాపలా అవుతాడు. అందుకే ఈ ఏడాది మీ ఊళ్లో మేత పోరంబోకు దేనికైనా కేటాయిస్తున్నారని తెలిస్తే గ్రామసభలో లేచి ఒక్క ప్రశ్న వేయండి: ఇందులో మందలు మేపేవాళ్లను పిలిచారా? పిలవలేదంటే, వాళ్లొచ్చేదాకా తీర్మానం మీద సంతకం పెట్టకండి.